నేను తాగేసిన నమూనా

తెల్లకోటు తొడుక్కుంటే చాలు, సైంటిస్టునైపోయినట్టే అని గట్టిగా నమ్మిన రోజులవి. పన్నెండేళ్ళ కిందటి మాట. బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు అప్పుడే పూర్తయింది. సూక్ష్మజీవుల గురించి నాకు తెలిసిందల్లా అవి ఉన్నాయని మాత్రమే. అయినా ఆ కోటును కాలేజీలో విప్పి వచ్చేదాన్ని కాదు. మద్రాసు మే నెల ఎండలో అది వీపుకి అతుక్కుపోతున్నా సరే, దాంతోనే బస్సెక్కి, దాంతోనే చింతాద్రిపేటలో దిగి, మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి ఇంటికి చేరేదాన్ని. (దగ్గరి దారి ఇంకోటి ఉంది. ఆ దారిలో చూసేవాళ్ళు తక్కువ.) ఎదురింటి అత్త ఒకరోజు ఆపి మోకాళ్ళ నొప్పికి మాత్ర ఏదైనా చెప్పమంది. నేను డాక్టర్ని కానని చెప్పాలా వద్దా? చెప్పలేదు. కాసేపు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, నీళ్ళు బాగా తాగమన్నాను.

ఆ వేసవిలో మా కాలేజీ వాళ్ళు ఒక కొత్త పథకం పెట్టారు. డిగ్రీ పిల్లలు ఇద్దరిద్దరు జట్టుగా ఎనిమిది వారాల పాటు పరిశోధన చెయ్యాలి. దారి చూపించడానికి ఇద్దరు టీచర్లు, సైన్సు నుంచి ఒకరు, మతాల గురించి పాఠం చెప్పే డిపార్ట్‌మెంటు నుంచి ఒకరు. ఇంత గొప్ప ఆలోచనకి నేను పేరెందుకిచ్చానంటే, ఆ ల్యాబ్‌లో ఏసీ ఉంది. నా జట్టు షోళింగనల్లూరు నుంచి వచ్చే అమ్మాయి. వాళ్ళది విజయవాడ, నాన్నగారి ఐటీ ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చేశారు. రోజూ బస్సులో గంటన్నర ప్రయాణం చేసి, వచ్చిన వెంటనే ఆ గంటన్నర గురించి ఇంకో అరగంట చెప్పేది కాబట్టి, ఆ బస్సు వచ్చే ఓల్డ్ మహాబలిపురం రోడ్డు పేరు మీద క్లాసంతా దాన్ని ఓఎమ్మార్ అని పిలిచేవాళ్ళం. సైన్సు వైపు మాకు దొరికినావిడ ఆటోక్లేవ్ మేడమ్. ఆటోక్లేవ్ అంటే ల్యాబ్‌లో సామాన్లు పెట్టి ఆవిరితో క్రిములన్నిటినీ చంపే పెద్ద స్టీలు డబ్బా. మేడమ్ కూడా అంత వేడిగానూ, అంత ఒత్తిడిగానూ ఉండేవారు. ఆవిడ నవ్వగా చూశామని చెప్పినవాళ్ళు మా సీనియర్లలో కూడా లేరు. మతం వైపు మా నిదానం సార్. తిరునెల్వేలి క్రైస్తవుడు, ఆళ్వార్ల పాశురాలు మా అవ్వ కంటే ఎక్కువ వచ్చు, ఏం అడిగినా ముందు 'నిదానం, నిదానం' అనేవారు.

మా పని ఏమిటంటే, పెరుమాళ్ గుడిలో ఇచ్చే తీర్థంలో తులసి, పచ్చకర్పూరం, లవంగం వేస్తారు కదా, వాటివల్ల నీళ్ళలో క్రిములు తగ్గుతాయా అని చూడడం. అది మేడమ్ ప్రశ్న. అసలు జనం తీర్థం ఎందుకు తీసుకుంటారు అన్నది సార్ ప్రశ్న. రెండూ కలిపి ఒక రిపోర్టు. ఇది విని ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది మా అవ్వ. నాయన మాత్రం పేపరు మీద నుంచి తల ఎత్తలేదు. పారిస్ కార్నర్ దగ్గర మాకు నోటుబుక్కుల హోల్‌సేల్ కొట్టు ఉంది. డిగ్రీ కాగానే నేను అందులో కూర్చోవాలని ఆయన లెక్క, ఎమ్మెస్సీ చదవాలని నా లెక్క. ఆ రోజు తేల్చి చెప్పేశాడు. "మీ మేడమ్ నువ్వు దీనికి పనికొస్తావని రాసిచ్చిందంటే పైకి సదువుకో. లేదంటే డిగ్రీ అయిన మరుసటి దినం కొట్టుకొచ్చెయ్. అంతే." అంతే అన్నాడంటే మా ఇంట్లో అంతే. అంటే ఆటోక్లేవ్ మేడమ్ రాసే ఒక ఉత్తరం మీద నా బతుకంతా ఆధారపడి ఉందన్నమాట.

మొదటి నమూనా తీసుకునే శనివారం వచ్చింది. మేడమ్ రెండు పేజీల నియమావళి రాసిచ్చారు. చేతులకి గ్లౌజులు, మూతికి మాస్కు, ఆటోక్లేవ్ చేసిన సీసా, మూత తీసి ఉద్ధరిణి కిందే పెట్టాలి, తీర్థం వేరే దేన్నీ తాకకుండా సీసాలో పడాలి, మధ్యాహ్నం పన్నెండు లోపల మంచుపెట్టెలో ల్యాబ్‌కి రావాలి. మంచుపెట్టె బాధ్యత ఓఎమ్మార్‌ది. ఆ పిల్ల బుద్ధిగా మా పేటలోనే ఒక థర్మోకోల్ పెట్టె కొనుక్కొచ్చింది. కొన్నది చేపల మార్కెట్ పక్కన. గుడి మెట్ల దగ్గరికి రాగానే పూజ చేసే భట్టర్ ముక్కు ఎగబీల్చి, ఆ పెట్టె చెప్పుల దగ్గరే ఉండాలని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. అసలు ఆయన్ని ముందురోజే ఒప్పించి పెట్టింది మా అవ్వ. సీసాలో తీర్థం పొయ్యడం ఆయన ఎరగరు. నలభై ఏళ్ళుగా రోజూ వచ్చే మనిషి మాట కాదనలేక, మీ ఇంటి పిల్ల చేతికైతే పోస్తాను, అందరితోపాటు వరసలో నిలబడాలి అన్నారు.

వరసలో నిలబడ్డాను. ఎడమ చేతిలో మూత, కుడి చేతిలో సీసా. భట్టర్ వెండి గిన్నెతో ఒక్కొక్కరి ముందుకీ వస్తున్నారు. పచ్చకర్పూరం వాసన నా మాస్కు లోపలికి కూడా వచ్చేస్తోంది. నా ముందున్నావిడ తీర్థం పుచ్చుకుని తల నిమురుకుంది. భట్టర్ నా ముందు ఆగి ఉద్ధరిణి ఎత్తారు. అంతే, సీసా ఎప్పుడు ఎడమ చేతికి మారిందో నాకు తెలియదు. కుడి అరచెయ్యి దొన్నెలా ముడుచుకుని ముందుకెళ్ళింది, తీర్థం అందులో పడింది, ఎడమ చెయ్యి సీసాతో సహా వచ్చి మాస్కు కిందికి లాగింది, నేను గుటుక్కున తాగేశాను. రబ్బరు గ్లౌజుతోనే తల కూడా నిమురుకున్నాను. నడక వచ్చినప్పటి నుంచి చేస్తున్న పని, దానికి బుర్రతో ఏం సంబంధం? పక్కనుంచి ఓఎమ్మార్, "ఏంటే, తాగేశావేంటే?" అని గుసగుసగా అంది. అప్పుడు తెలిసింది నాకు.

సరే, ఏం కొంప మునిగిందని పరుగెత్తి వరస చివర్లో మళ్ళీ నిలబడ్డాను. ఈసారి సీసాని కుడి చేత్తో ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేళ్ళు నొప్పెట్టాయి. సీసా, సీసా అని మనసులో జపం చేస్తూనే ఉన్నాను. భట్టర్ వచ్చారు. మళ్ళీ తాగేశాను. మూడోసారి మాత్రం గెలిచాను, తీర్థం సీసాలోనే పడింది. పడగానే ఆయన రెండో చేత్తో శఠారి, అదే శఠగోపం, తెచ్చి నా తల మీద పెట్టారు. శఠారి తల మీదికి వస్తుంటే వంగని మనిషి మా వంశంలో లేరు. నేను వంగాను, నాతోపాటు సీసా కూడా వంగింది. గచ్చు మీద పడ్డ తీర్థాన్ని కాలితో తొక్కకూడదు కదా అని ఆ కంగారులో వేలితో అద్ది కళ్ళకద్దుకుని నాలుక మీద వేసుకున్నాను. అంటే మూడోది కూడా నా పొట్టలోకే పోయింది. గిన్నె ఖాళీ అయిపోయింది, ఇంక సాయంత్రమే అని చెప్పి భట్టర్ తెర వేసేశారు. ఓఎమ్మార్ మండపం స్తంభానికి ఆనుకుని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు.

మేడమ్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామే అంది ఓఎమ్మార్, నవ్వు ఆగాక. ఆ మాట వినుంటే ఈ కథే లేదు. నాకు నాయన మొహం, కొట్టు గల్లాపెట్టె, వెనక వరసగా పేర్చిన రూళ్ళ నోటుబుక్కులు కళ్ళముందు ఆడాయి. మొదటి వారమే నమూనా తాగేసినదాన్ని పనికొస్తుందని ఎవరు రాస్తారు? పక్క వీధిలోనే మా ఇల్లు, ఇంట్లో అవ్వ రోజూ పూజకి రాగిచెంబులో అదే తులసి, అదే కర్పూరం వేసి తీర్థం చేస్తుంది. తీర్థం తీర్థమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఖాళీ సీసా పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. ల్యాబ్‌కి తీర్థం కావాలన్నాను, ఎందుకన్నది చెప్పలేదు. అవ్వ సీసా పుచ్చుకుని, పది నిమిషాలు ఆగమని వంటింట్లోకి పోయింది. నేను హాల్లో ఫ్యాన్ కింద కూర్చున్నాను. కుక్కర్ విజిల్స్ వినపడ్డాయి, పప్పు అనుకున్నాను. సీసా తెచ్చిచ్చింది. వెచ్చగా ఉందేందవ్వా అంటే, "ఎండలు గదా" అంది. నిజమే, ఎండలే అనుకుని, దాని మీద 'గుడి తీర్థం, మొదటి వారం' అని చీటీ రాసి అంటించాను.

సోమవారం ప్లేట్లు తీశాం. నీళ్ళలో క్రిములుంటే ఒక రోజులో ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా పెరిగి కళ్ళకి కనిపిస్తాయి. పోల్చడానికి పెట్టిన కుళాయి నీళ్ళ ప్లేటు నిండా చుక్కలే. మా తీర్థం ప్లేటు మీద ఒక్క చుక్క కూడా లేదు, అద్దంలా ఉంది. మేడమ్ దాన్ని వెలుతురుకి పట్టి ఇటు తిప్పారు, అటు తిప్పారు. మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాం, మళ్ళీ అద్దమే. ఆవిడ సంతోషించలేదు. "ఏమీ పెరగలేదంటే ఇది అద్భుతమైనా అయ్యుండాలి, తప్పైనా అయ్యుండాలి. అద్భుతం ఎక్కడికీ పోదు. ముందు తప్పును వెతుకుదాం" అన్నారు. ఆవిడ తప్పు అన్నప్పుడల్లా నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూనే ఉన్నాను.

ఈలోపల కథ చెయ్యి దాటిపోయింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో 'పెరుమాళ్ ఒకటి, క్రిములు సున్నా' అని పెట్టారు. కెమిస్ట్రీ అబ్బాయి ఒకడు తప్పిన సబ్జెక్టు మళ్ళీ రాసే అరియర్ పరీక్షకి ముందు ఒక సీసా దొరుకుతుందా అని అడిగాడు. అవ్వ గుడి వరసలో నిలబడి, మా మనవరాలి మిషన్లో కూడా తేలిపోయిందని ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ చెప్పింది. భట్టర్ నన్ను చూసి మొట్టమొదటిసారి చిరునవ్వు నవ్వి, దొన్నె నిండా చక్కెరపొంగలి పెట్టించారు. ఆ పొంగలి నాకు గొంతు దిగలేదు. (రెండో దొన్నె తీసుకున్న మాట నిజమే, అది ఓఎమ్మార్‌కని తీసుకున్నాను. అది రావడం ఆలస్యమైంది.)

ఆ గురువారం నిదానం సార్, ఓఎమ్మార్ మా ఇంటికి వచ్చారు. తీర్థం తీసుకునేవాళ్ళతో మాట్లాడి రికార్డు చెయ్యడం ఆయన వైపు పని, మొదటి మనిషిగా మా అవ్వని ఎంచుకున్నారు. అవ్వ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఫోన్ మధ్యలో పెట్టి, తీర్థంలో ఏముందని తీసుకుంటారమ్మా అని సార్ తమిళంలో అడిగారు. అవ్వ తమిళంలో మొదలుపెట్టి, రెండో మాటకే తెలుగులోకి వచ్చేసింది. "ఏముందని చూసుకోని తాగితే అది తీర్థమెట్లవుతుంది సార్, కాఫీ అవుతుంది గానీ" అంది. సార్ మొహం వెలిగిపోయింది. మరి ఏమీ చూడక్కర్లేదంటే ఈ పరీక్ష ఎందుకమ్మా, మీకు ఇబ్బందిగా లేదా అని అడిగారు. అవ్వ నవ్వి నా వైపు చూసింది.

"పరీక్ష పెరుమాళ్ళకి కాదు సార్, పిల్లకి. ఇది పాస్ కావాల, వాళ్ళ నాయన సదివించాల. అందుకే గదా, సీసాకి ఇచ్చేటప్పుడు మూడు విజిల్స్ పెట్టి ఇచ్చినా."

సార్ నిదానంగా, ఏం విజిల్స్ అని అడిగారు. "కుక్కర్ సార్. ఇదే చెప్పిందే నాకు, ఆడ ల్యాబులో పెద్ద కుక్కరుంది, దాన్లో పెడితే పురుగు బతకదని. ఈడ మనకి చిన్నది ఉంది. ఒక్క పురుగున్నా పిల్లకి మార్కులు తగ్గుతాయేమోనని నీళ్ళు, సీసా అన్నీ దాన్లో పెట్టేసినా." ఓఎమ్మార్ ఫోన్ వైపు చూస్తోంది, అది రికార్డు చేసుకుంటూనే ఉంది. నేను అవ్వకి తెలియకుండా ఒక మోసం చేస్తే, అవ్వ నాకు తెలియకుండా దాని మీద ఇంకొకటి చేసింది. వంశం గొప్పది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర సార్ కోప్పడలేదు. ఈ సంభాషణ మొత్తం అక్షరం పొల్లుపోకుండా రాసి సోమవారం మేడమ్‌కీ నాకూ చెరొక కాపీ ఇవ్వు అన్నారు. ఆ కుక్కర్ భాగం వదిలేస్తే పరవాలేదా సార్ అని నేను అడిగాను (ఆ ధైర్యం ఇప్పుడు తలుచుకుంటే నాకే భయమేస్తుంది). "వాళ్ళు చెప్పినదాంట్లో మనకి నచ్చనిది తీసేస్తే, ఇక మిగిలేది వాళ్ళ మాట కాదమ్మా, మన మాట" అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆదివారమంతా ఆలోచించి బ్రహ్మాండమైన ఉపాయం కనిపెట్టాను. గుడి నుంచి తెచ్చిన అసలు సీసానే ల్యాబ్‌కి పోయే దారిలో పది నిమిషాలు ఇంట్లో ఉంచాను, అవ్వ ప్రేమకొద్దీ దాన్ని కుక్కర్లో పెట్టేసింది, నాకేమీ తెలియదు అని చెప్పడం. రికార్డులో ఉన్నదానికి ఎక్కడా అడ్డు రాదు. డెబ్భై రెండేళ్ళ ముసలావిణ్ణి ఎవరూ ఏమీ అనరు. నేను తాగిన సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియనక్కర్లేదు. సోమవారం బస్సులో ఆ మాటలన్నీ వరసగా బట్టీ పట్టాను. మేడమ్ నేను రాసి తెచ్చిన కాగితాలు మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, "చెప్పు" అన్నారు. నోరు తెరిచాను. మా అవ్వ, అని మొదలుపెట్టాను. ఆ రెండు మాటలు అనేసరికి, పట్టుచీర కట్టుకుని ఫోన్ ముందు కూర్చుని పిల్ల పాస్ కావాలని చెప్పిన మనిషి గుర్తొచ్చింది. బట్టీ పట్టిన మిగతా మాటలు మింగేశాను.

"మా అవ్వ తప్పేమీ లేదు మేడమ్. అసలది గుడి తీర్థమే కాదు. గుడిది నేను తాగేశాను" అన్నాను. మేడమ్‌కి అర్థం కాలేదు. తాగావా అన్నారు. తాగాను మేడమ్ అన్నాను. ఎంత అన్నారు. మూడుసార్లు అన్నాను. గ్లౌజులు వేసుకోలేదా అని అడిగారు. గ్లౌజులతోనే తాగానని చెప్పాను. మేడమ్ లేచి, కిటికీ వైపు తిరిగి, మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఆ భుజాలు కదిలాయని ఓఎమ్మార్ ఇప్పటికీ ఒట్టు వేస్తుంది. నేను చూసే స్థితిలో లేను, ముక్కు తుడుచుకుంటున్నాను. ఇటు తిరిగేసరికి మాత్రం మొహం మామూలుగానే ఉంది. రికార్డు పుస్తకం తెరిచి, చించడాలు, దిద్దడాలు ఉండకూడదన్నారు. మొదటి వారం ఫలితం మీద, కింద ఉన్నది చదవగలిగేలా ఒకే ఒక గీత కొట్టించారు. పక్కన, 'నమూనాను పరిశోధకురాలు సేవించినది' అని నా చేతే రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించారు.

తర్వాతి శనివారం మళ్ళీ గుడికి వెళ్ళాం. సీసా ఎడమ చేత్తో పడితే నా కుడి చెయ్యి ఖాళీగా ఉండి మళ్ళీ ముందుకు పోతుంది, పోనీ కుడి చెయ్యి వెనక్కి కట్టేసుకుందామా అంటే ఎడమ చేతికి భట్టర్ తీర్థం పొయ్యరు. అందుకని సీసా కుడి చేత్తోనే పట్టుకున్నాను, ఓఎమ్మార్ వెనకనుంచి నా మోచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది, శఠారికి వంగేముందే మూత పెట్టేశాం. ల్యాబ్‌లో ప్లేటు మీద చుక్కలొచ్చాయి. కుళాయి నీళ్ళకంటే తక్కువ, కానీ వచ్చాయి. ఇంత తక్కువ నమూనాలతో ఏదీ తేల్చి చెప్పలేం అని మేడమ్ రిపోర్టులో రాయించారు. అవ్వకి ఈ సంగతి ఎలా చెప్పాలా అని మూడు రోజులు దాచాను. చివరికి చెప్తే, ఆవిడ వక్క నములుతూ, "పురుగులు కూడా ఉంటే ఉండనీలే. ఆయన వాకిట్లోకి వచ్చినదాన్ని దేన్నైనా పొమ్మన్నాడా?" అంది. ఈ మాట నిదానం సార్ రిపోర్టులో ఆఖరి పేజీలో పెట్టారు.

ఉత్తరం ఎనిమిదో వారం చివర వచ్చింది. నేను విప్పలేదు, తిన్నగా నాయన చేతికిచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన ఇంగ్లీషు ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ పైకే చదివాడు. 'ఈ అమ్మాయి చేతులు ఇంకా ఈమె మాట వినడం లేదు. ఒక తప్పు చేసింది, దాన్ని కప్పడానికి రెండోది చేసింది. రెండూ కప్పే అవకాశం ఉన్నప్పుడు మూడోది చెయ్యకుండా వచ్చి చెప్పింది. నేర్పితే నేర్చుకుంటుంది.' అంతే ఉంది. తెలివైనదని లేదు, కష్టపడుతుందని లేదు, కనీసం మంచి పిల్ల అని కూడా లేదు. నాయన దాన్ని మడిచి, మళ్ళీ విప్పి, మూడో వాక్యం ఇంకోసారి చదువుకున్నాడు. ఇంక కొట్టే నాకు గతి అనుకున్నాను. కళ్ళజోడు తీశాడు.

"తప్పించుకునే దావ ఉండి కూడా పోయి చెప్పేసిందంట. ఇట్లాంటిదాన్ని కొట్లో కూర్చోబెడితే నెల్లో యాపారం మూసుకోవాల. పోయి సదువుకోమ్మే."

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాను. అవ్వ పెరుమాళ్ళకి దండం పెట్టుకుంది, నాయన పేపరు తీసుకున్నాడు. నేను మాత్రం మిద్దె మీదికెళ్ళి ఏడ్చాను. ఎమ్మెస్సీ వచ్చిందని కాదు, ఉత్తరంలో ఒక్క మెచ్చుకోలు మాట లేదని. ఇప్పుడు నేనే ఒక కాలేజీలో మేడమ్‌ని. ప్రతి వేసవీ పిల్లలొచ్చి ఉత్తరాలడుగుతారు. అందరూ తెలివైనవాళ్ళే, అందరూ కష్టపడేవాళ్ళే అని రాసి సంతకం పెట్టేస్తుంటాను, వాళ్ళూ సంతోషంగా తీసుకెళ్తారు. ఒక పిల్లని ఎనిమిది వారాలు దగ్గర పెట్టుకుని, దాని లోపల ఏముందో అంతా చూసి, చూసింది చూసినట్టు నాలుగు వాక్యాల్లో రాసివ్వడం నాకింకా చేతకాలేదు. నా గురించి అంత నిజం అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఎవరూ రాయలేదు. మిద్దె మీద కూర్చున్న ఆ పిల్లకి ఆ మాట ఎవరైనా చెప్పుంటే బాగుండేది. చెప్పినా నమ్మేది కాదులే, పిచ్చిది.